రాయపమ్మ అనని మాట

మార్చి 5, 2025. విభూది బుధవారం.

ఉదయం చర్చి పూజలో మూడొందల మంది నుదుట విభూది పెట్టాను. బొటనవేలు ఇంకా నల్లగానే ఉంది. ఇరవయ్యో తేదీ నుంచి మా ధ్యానగృహంలో నాలుగు రోజుల ప్రార్థనా శిబిరం, రిట్రీట్. టాపిక్ క్షమ. ఇరవై రెండేళ్ళుగా నా పని ఇదే. ప్రసంగాలు చెప్పడం, జనం తమ పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాలు వినడం, మధ్యలో దొరికిన టైమ్‌లో పుస్తకాలు రాయడం.

మధ్యాహ్నం నరసరావుపేట నుంచి ప్రింటింగ్ ప్రెస్ ఖాజా మొహిద్దీన్ గారి ఫోన్. నా పుస్తకం ‘గడప దాటిన క్షమ’ ఎనిమిదో ముద్రణకు ప్లేట్లు రెడీ అట. రిట్రీట్‌కి కాపీలు అందిస్తామన్నారు. సంతోషం వేసింది.

మార్చి 10.

ఒక ఉత్తరం వచ్చింది. రాసినతను సాంబశివరావు. జైలు నుంచి జనవరి 26న విడుదలయ్యాడు. లోపల సిస్టర్స్ పంచిన పుస్తకాల్లో నాది అతనికి దొరికిందట. ఐదో అధ్యాయం పేజీలు ఊడిపోయేదాకా చదివాడట. పేరు మార్చినా, అందులో ఉన్నది తాను చంపిన మనిషి భార్యేనని మొదటి పేజీలోనే గుర్తుపట్టానని రాశాడు. ఆమె తనను క్షమించిందని చదివిన తర్వాతే తనకు కంటినిండా నిద్రపట్టిందట. రిట్రీట్‌కి వస్తాడట. ఆమె ఎక్కడుందో చెబితే వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాడట.

ఆమె ఎక్కడో లేదు. మా వంటింట్లోనే ఉంది. రాయపమ్మ. భర్త ఇన్నారెడ్డిని 2009 జూన్‌లో, ఊళ్ళో పంచాయతీ గొడవల్లో, గురజాల రోడ్డు మీద నరికారు. కూతురు సంజనకి అప్పుడు ఆరేళ్ళు. మరుసటి ఏడు నేనే ఆమెను ఇక్కడ వంట పనికి పెట్టాను.

ఇక్కడ నిజం రాయాలి. ఇది ఎవరూ చదవరు.

పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆమె మిరపకాయల తొడిమలు తీస్తుంటే అడిగాను, అతణ్ణి క్షమించగలవా అని. పాపసంకీర్తనం కాదు, ఊరికే మాటల్లో. ఆమె “మీరెట్టా అంటే అట్టా ఫాదర్” అంది. ఎసరు పెట్టడానికి లేచిపోయింది. అంతే జరిగింది. నేను దాన్ని రెండున్నర పేజీలు చేశాను. ఆమె మోకరించినట్టు, కన్నీళ్ళతో “ప్రభువా, నేనతణ్ణి క్షమించాను” అన్నట్టు రాశాను. ఆ మాట ఆమె అనలేదు. పుస్తకం ఏడుసార్లు అచ్చయింది ఆ మాట వల్లే.

మార్చి 11.

ఉత్తరానికి జవాబు రాయలేదు.

మార్చి 13.

రెంటచింతల వెళ్ళి మా గురువుగారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. చెవి సరిగా వినపడదు. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వరండాలో ఎవరైనా విన్నారేమో. ఆయన చెప్పింది: “పాపపు కట్టు నేను విప్పుతాను. పుస్తకంలో కట్టింది మాత్రం నువ్వే విప్పుకోవాలి.”

తిరుగుబస్సులో దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు. ఆ ఘాటుకి దగ్గుతూనే ఉన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి సాకు దొరికింది.

మార్చి 14. మధ్యాహ్నం మూడు.

చెప్పేశాను. రాయపమ్మ వంటింటి గట్టు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. ముందు సాంబశివరావు ఉత్తరం సంగతి చెప్పాను. చేట ఆగలేదు. తర్వాత నేను రాసిన అబద్ధం గురించి చెప్పాను. అప్పుడు ఆగింది.

“నాకు తెలుసు ఫాదర్” అంది. సంజన పదో తరగతిలో ఉండగా ఆ పుస్తకం తెచ్చి చదివి వినిపించిందట. “మీరే ఎప్పుడో చెప్తారని చూశా. చెప్పలా. నా బిడ్డ చదువుకోవాలి, నేనీడ పని మానుకోలేను. ఇంకేం చేస్తా?”

తెలిసి ఐదారేళ్ళు. పొద్దున్నే నాకు కాఫీ ఇచ్చింది. నా ప్రసంగాలు వంటింటి కిటికీలోంచి విన్నది.

క్షమించమని అడగబోయాను. అడగలేకపోయాను. ఈ టాపిక్ మీద నావి నాలుగు పుస్తకాలున్నాయి.

మార్చి 15.

ఖాజా గారికి ఫోన్ చేసి ముద్రణ ఆపమన్నాను. ఏమైనా అచ్చుతప్పు దొర్లిందా అని అడిగారు. అవునన్నాను, రెండున్నర పేజీలుందన్నాను. ఆయన సరే ఫాదర్, మెషిన్ ఎక్కించను అన్నారు.

సాంబశివరావుకి నిజం రాసి స్పీడ్ పోస్టులో వేశాను. ఆమె ఎక్కడుందో మాత్రం రాయలేదు.

మార్చి 19.

సాంబశివరావు ఫోన్. ఉత్తరం అందిందన్నాడు. తర్వాత “అయితే నేను రావాల్సిన పనేంది?” అన్నాడు. తెలియదన్నాను. పెట్టేశాడు.

ఒక మనిషి నిద్ర పాడుచేశాను.

మార్చి 20. రిట్రీట్ మొదటి రోజు.

నూట నలభై మంది. రాసుకున్న నోట్స్ పక్కన పెట్టి ఐదో అధ్యాయం సంగతి చెప్పాను. చెప్పొచ్చా అని పొద్దున్నే రాయపమ్మను అడిగాను. చెప్పుకోమంది, తన పేరు మాత్రం ఎత్తొద్దంది. మాచర్ల నుంచి వచ్చిన టీచరమ్మ రత్నకుమారి గారు లేచి, మీ పుస్తకాల్లో ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయని అడిగారు. వెతికి చెబుతానన్నాను. ఇద్దరు ముగ్గురు బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయారు. రత్నకుమారి గారు వెళ్ళలేదు.

మార్చి 21.

సాంబశివరావు వచ్చాడు. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, నా కంటే పెద్దవాడిలా ఉన్నాడు. చివరి వరసలో కూర్చున్నాడు. వంటింట్లోకి వెళ్ళి రాయపమ్మకి చెప్పాను. ఇష్టం లేకపోతే ఇప్పుడే పంపేస్తానన్నాను. “ఉండనీయండి” అంది. భోజనాల వేళ మాత్రం వడ్డించడానికి బయటికి రాలేదు.

మార్చి 22. ఉదయం పదకొండు.

ఇప్పుడే రాస్తున్నాను. ఒక్క మాట కూడా కలపకూడదు.

రాయపమ్మే అతణ్ణి పిలిపించమంది. నరసరావుపేట ఆస్పత్రిలో నర్సు డ్యూటీకి సెలవు పెట్టి సంజన వచ్చింది. వంటింటి వెనక, గిన్నెలు కడిగే చోట, తల్లీకూతుళ్ళు స్టూళ్ళ మీద కూర్చున్నారు. అతను నిలబడ్డాడు. ఆమె నన్ను కూడా ఉండమంది.

“నిన్నొకటే అడగాలి. ఆ రోజు ఆయన చేతిలో సంచి ఉందా?”

నాకు అర్థం కాలేదు. సంజన మెల్లగా చెప్పింది. ఆ రోజు నాన్న తనకు స్కూలు యూనిఫాం గుడ్డ కొనడానికి గురజాల వెళ్ళాడట. సంచి దొరకలేదు. డబ్బంతా తాగేసి ఉంటాడని నాన్న సొంత అన్నదమ్ములే అన్నారట. పదిహేనేళ్ళుగా ఆ మాట ఇంట్లో ఉంది.

అతను గోడ వంక చూస్తూ చెప్పాడు.

“ఉందమ్మా. బట్టల కొట్టు సంచి. మమ్మల్ని చూసి దాన్ని పక్కన రాయి మీద పెట్టాడు. కింద పెడితే మట్టి అవుద్దనేమో. లోపల నీలం గుడ్డ, తెల్ల గుడ్డ. నేనే తీసుకుపొయ్యి కాలవలో పారేశా. కోర్టులో ఎవరూ అడగలా.”

“తాగున్నాడా?”

“లేదమ్మా. చుక్క తాగలా.”

సంజన లేచి పంపు దగ్గరికి వెళ్ళి నీళ్ళు వదిలింది. మొహం కడుక్కోలేదు, నీళ్ళలో చేతులు పెట్టి నిలబడింది. రాయపమ్మ “కొన్నాడే” అంది. మళ్ళీ, “కొన్నాడే సంజనా.”

అతను కాళ్ళ మీద పడబోయాడు. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

“లెగు. నేను క్షమించానని ఈ ఫాదర్ రాశాడు. నేననలా. అంటానో అననో నాకే తెలవదు. ఇంకా అడగాల్సినవి చానా ఉన్నయ్. గుర్తొచ్చినప్పుడు కబురు చేస్తా. వస్తావా?”

“వస్తానమ్మా.”

పప్పు పొంగుతోందని ఆమె లోపలికి వెళ్ళింది.

మార్చి 23. ఆదివారం.

ముగింపు పూజ. ప్రసంగం ఐదు నిమిషాలు కూడా లేదు. సాంబశివరావు పొద్దుటి బస్సుకే వెళ్ళిపోయాడు. రాత్రి నిద్రపట్టిందా అని అడిగాను. పట్టలేదు గాని పర్లేదన్నాడు.

ఏప్రిల్ 2.

బిషప్ గారికి అంతా రాశాను, పిలిచారు. కొత్త ముద్రణలో ముందుమాటగా నా తప్పు ఒప్పుకోమన్నారు. మిగతా పుస్తకాలన్నీ తిరిగి చూసేదాకా కొత్తవి వద్దన్నారు. రిట్రీట్లు ఆపొద్దన్నారు. ఇప్పటికి ఇంకో రెండు చోట్ల అబద్ధాలు దొరికాయి. రత్నకుమారి గారికి ఉత్తరం రాశాను.

ఏప్రిల్ 20. ఈస్టర్.

పూజ అయ్యాక రాయపమ్మ, సంజన నా గదికి వచ్చారు. ఐదో అధ్యాయం తీసేస్తున్నానని చెప్పాను. “తీసేస్తే ఎట్టా? నే చెప్తా, రాయండి” అంది. రాశాను. ఒకచోట అలవాటుగా కళ్ళు చెమర్చాయి అని పడింది. సంజన చూసి పైకి చదివింది. రాయపమ్మ “నేనేడవలేదు గదా, ఎందుకు రాశారు?” అంది. కొట్టేశాను. మొత్తం ఒక పేజీ కూడా రాలేదు. నా చేత్తో ఇంత మంచి పేజీ ఎప్పుడూ రాయలేదు.

పోతూ పోతూ రాయపమ్మ గడప దగ్గర ఆగి, మిమ్మల్ని క్షమించేదీ లేనిదీ కూడా ఇంకా ఏమీ అనుకోలేదు ఫాదర్ అంది. నవ్వుతూనే అంది.

జూన్ 14.

ఇవాళ రిట్రీట్‌లో మొదటి ప్రసంగం నేనివ్వలేదు. రాయపమ్మ ఇచ్చింది. పేరు కూడా తనే చెప్పుకుంది. నాలుగు నిమిషాలు. అంతసేపూ పొయ్యి దగ్గర నేనున్నాను. పప్పు అడుగంటింది.