పద్నాలుగో గడి

ప్రియమైన అక్కకి,

ఫోన్లో చెబుదామంటే పక్కన ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటున్నారు. అందుకే ఈ ఉత్తరం. ఐసు లారీ డ్రైవరు మీ ఆఫీసు ముందు నుంచే వెళ్తాడు కాబట్టి అతని చేతికిస్తున్నాను. దారిలో విప్పి చదవకుండా కవరుకి గిన్నెడు జిగురు పూశాను.

మొన్న చేపలు పట్టే ట్రాలర్ ఓడ ఒకటి మన పెద్ద వలను తాళ్ళతో సహా ఈడ్చుకుపోయింది. అరుస్తూ దగ్గరికి వెళ్తే పైనుంచి గొట్టంతో వేడినీళ్ళు కొట్టారు. నా ఎడమ భుజం బొబ్బలెక్కింది. నీ మరదలు మందు రాస్తూ, ట్రాలర్‌ని తిట్టాల్సిన తిట్లన్నీ నన్నే తిడుతోంది. ఆ ట్రాలర్ నంబరు వేరే కాగితం మీద రాశాను. చేపల వేటకి లైసెన్సులిచ్చే ఆఫీసులోనే కదా నువ్వు టైపు కొట్టేది! మీ ఆఫీసరు బల్ల మీద పెట్టు. ఆరేళ్ళ నీ ఉద్యోగం పుట్టింటికి ఒక్కసారైనా అక్కరకు రావాలి.

ఇంకో మాట. పడవ నడిపే సరంగు నా రిపేరు షెడ్డుకి వచ్చి రెండు బోటు ఇంజన్లు చూడమన్నాడు. ఆయన పడవలో వలలు లేవక్కా. ఓడ పక్కకి ఆనించి ఎక్కేంత పొడుగాటి ఇనుప నిచ్చెన ఉంది.

నీ తమ్ముడు

*

ఒరేయ్ తమ్ముడూ,

ప్రియమైన అని మొదలుపెడదామనే కూచున్నాను, చెయ్యి రాలేదు. నిచ్చెన చూశాక కూడా ఇంజను బాగుచేశావా, లేదా? ఆ ఒక్క ముక్కా రాయకుండా ముగించావంటే చేశావనే అర్థం. చిన్నప్పటి నుంచీ నీ తప్పులన్నీ నువ్వు చెప్పకుండా వదిలేసిన చోటే దొరికేవి.

నీ ఫిర్యాదు ఆఫీసరుకిచ్చాను. రిజిస్టరు తీసి చూశారు. ఆ ట్రాలర్‌కి లైసెన్సు ఉంది, పద్నాలుగో గడిలో. మా మ్యాపులో సముద్రాన్నంతా గళ్ళుగా గీసి నంబర్లిచ్చారు. "మీ తమ్ముడు వలేసింది ఏ గడిలో?" అని అడిగారు. నేనేం చెప్పను? మనవాళ్ళకి చల్లగుంట, తాబేలురాయి అని వేట చోట్ల పేర్లు తెలుసు గానీ గళ్ళేం తెలుసు! "గడి రాయని ఫిర్యాదు చెల్లదమ్మా. అయినా ఆ తీరమంతా ఓడల దొంగలే కదా, ఇంకో రెండు గస్తీ ఓడలు అడుగుదాంలే" అని ఫైలు మూసేశారు. నా ముఖం చూసి, టీ తాగి రమ్మన్నారు.

ఆ షెడ్డుకి తాళం వెయ్యి. మరదల్ని తీసుకుని పది రోజులు ఇక్కడికొచ్చి ఉండు.

నీ అక్క

*

అక్కా,

ప్రియమైన అని నేనూ రాయను. చెల్లుకు చెల్లు.

అవును, ఒక ఇంజను బాగుచేశాను. దొంగలంటున్నారా మీ ఆఫీసరు? సరంగు ఎవరో ఆయనకి తెలుసా? నాన్న పక్క పడవలో వలేసిన మనిషి. ట్రాలర్లు రావడం మొదలయ్యాక అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఎవరూ పలక్కపోతే కుర్రాళ్ళని పోగేసి మనమే కాపలా కాద్దామన్నాడు. ఊరంతా డీజిలిచ్చాం. నేనూ ఇచ్చాను. ఓ ట్రాలర్‌ని అడ్డగించి, చిరిగిన వలలకి నష్టం కట్టించుకుని వదిలారు. ఆ రోజు ఆయన్ని భుజాల మీద మోశాం.

ఆ తర్వాత పట్నం నుంచి ఇస్త్రీ చొక్కాలవాళ్ళు రాత్రిపూట సరంగు ఒక్కడి దగ్గరికే వచ్చారు. తుపాకులూ ఇంజన్లూ మేమిస్తాం, ట్రాలర్లతో గొడవెందుకు, సరుకు ఓడలైతే ఎదురు తిరగవు అన్నారు. వాళ్ళు మాత్రం పడవెక్కరు. అలా కాపలా కాస్తా దోపిడీ అయింది. ట్రాలర్లు ట్రాలర్లలాగే ఉన్నాయి.

తప్పని నాకు తెలియదనుకోకు. కానీ తెల్లారి వెళ్ళి మధ్యాహ్నానికి నాలుగు పీతలతో తిరిగొచ్చినవాడికి ఇది తప్పురా అని చెప్పడానికి నేనెవణ్ణి? నేనూ ఆ నాలుగు పీతలవాణ్ణే. నడిసముద్రంలో ఇంజను మొరాయిస్తే చూసే మనిషి కావాలట. నన్ను రమ్మన్నారు. గాలి తగ్గగానే బయల్దేరతారు. మాటిచ్చేశాను.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఈసారి ప్రియమైన అనే రాస్తున్నాను. భయంగా ఉంది.

నిన్న ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. భర్త సరుకు ఓడలో వంటవాడు. ఓడని ఎత్తుకుపోయి పదకొండు నెలలైంది. ఎవరిని అడగాలో తెలియక, ఓడ బొమ్మ ఉన్న బోర్డు చూసి మా మెట్లెక్కిందట. కుర్చీ వేస్తే అంచున కూచుంది. "కంపెనీవాళ్ళు ఇప్పుడు ఫోనెత్తడం లేదండీ" అంది. మళ్ళీ తనే, "ఆయనకి ఈత కూడా రాదండీ" అంది. మంచినీళ్ళిచ్చాను. నా తమ్ముడు అలాంటి పడవకే ఇంజను బిగించాడని చెప్పలేక సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వంటవాడు నీ వల కోశాడట్రా?

నువ్వు ఎక్కాల్సింది మా ఆఫీసు మెట్లు, ఎవరిదో ఓడ కాదు. ట్రాలర్ వల లాక్కెళ్ళిన చోటు ఎక్కడిదో, ఒడ్డు మీద ఏ గుర్తు ఏ గుర్తుతో కలిస్తే అది వస్తుందో రాసి పంపు. మా దగ్గర మ్యాపులు గీసే ఆయన మంచివాడు, స్కేలు పెట్టి చూస్తానన్నాడు. గడి తేలితే ఫిర్యాదు చెల్లుతుంది. అంతవరకు పడవెక్కనని నా మీద ఒట్టెయ్యి.

నీ అక్క

*

అక్కా,

పడవలోంచి ఒడ్డుకేసి చూస్తే లైట్‌హౌస్ చీలిన కొండ సందులోకి రావాలి. నీళ్ళ ట్యాంకు వంతెన చివరకి తగలాలి. అదే చల్లగుంట, నాన్న వలేసిన చోటు. పదేళ్ళప్పుడు మారాం చేసి పడవెక్కి, అక్కడే నాన్న ఒళ్ళో వాంతి చేసుకున్నావు.

గాలి తగ్గుతోంది. శుక్రవారం పొద్దున అన్నారు. ఒట్టు వెయ్యలేను.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

మ్యాపులు గీసే ఆయన మూడుసార్లు స్కేలు పెట్టాడు. చల్లగుంట ఉన్నది పద్నాలుగో గడిలోనే.

అర్థమైందా? ఆ ట్రాలర్ దారి తప్పి రాలేదు. నాన్న చోటునే దానికి రాసిచ్చారు. రాసింది నేను. ఆ గడి మీద పదకొండు లైసెన్సులున్నాయి, పదకొండూ నేను టైపు కొట్టినవే. ఆ అంకె కొడుతున్నప్పుడు అదెక్కడని ఒక్కసారి కూడా ఎవర్నీ అడగలేదు. ఎక్కడో నడిసముద్రం అనుకున్నాను. ఒక్క తప్పు లేకుండా కొడతానని ఆఫీసరు మెచ్చుకుంటే మురిసిపోయాను. జాలరి కూతుర్నై ఉండీ!

ఒడ్డు దగ్గరి నీళ్ళు చిన్న పడవలకే అని చట్టం ఉంది. పద్నాలుగో గడి పూర్తిగా ఆ నీళ్ళలోనే ఉంది. అంటే ఈ పదకొండూ ఇవ్వకూడనివి. నకళ్ళు తీసి పంపుతున్నాను. తెలిస్తే ఉద్యోగం పోతుంది, కేసూ పడుతుంది. ప్రతి కాగితం అడుగున టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. అవి నావి. చింపొద్దు. నన్ను అందరి ముందూ తిట్టు, పడతాను. ఆ పడవ మాత్రం ఎక్కకురా.

శుక్రవారం పొద్దున్నకల్లా చేర్చమని డ్రైవరు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

మూడు వారాలు రాయలేదు. నీకెలా గడిచాయో తెలుసు. క్షమించు.

నీ కవరు వచ్చేసరికి నేను పడవలోనే ఉన్నాను. నీ మరదలు దాన్ని తల మీద పెట్టుకుని నడుములోతు నీళ్ళలోకి వచ్చి "మీ అక్క!" అని అరిచింది. ఇంజను నడుస్తుండగానే చదివాను. నీ మీద ఎంత కోపమొచ్చిందంటే ఆ కాగితాలన్నీ నీళ్ళలోకి విసిరేయబోయాను. తర్వాత పైకి చదివాను, పదిమందికీ వినబడేలా. "ఇవి అర్జీలతో తిరిగిన రోజుల్లోనే నా చేతికొచ్చి ఉంటే..." అన్నాడు సరంగు. "ఇప్పుడు నేను దిగితే ఆ చొక్కాలవాళ్ళు మా ఇంటికొస్తారు. నువ్వు దిగు" అన్నాడు. దిగాను. నాతో పాటు నలుగురు దిగారు. సరంగుతో కలిపి ఆరుగురు వెళ్ళారు.

వాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళు ఎక్కబోయిన సరుకు ఓడ మీద తుపాకీ కాపలా ఉందట. ఖాళీ పడవ దొరికేసరికి ఇంజను ఇంకా నడుస్తూనే ఉందన్నారు. అంత బాగా బిగించాను. సరంగు భార్య రోజూ షెడ్డు ముందు నుంచే నీళ్ళకి వెళ్తుంది. నేను తలుపు చేరేసుకుంటాను.

ఒక లాయరమ్మ కేసు తీసుకుంది. దిగిన ఐదుగురం, ఇంకో ముప్ఫైమంది సంతకాలు పెట్టాం. ఆ పదకొండూ కొట్టెయ్యాలనీ, ఇకమీద ఇచ్చే ప్రతి లైసెన్సునీ మన చోట్ల పేర్లతో ఒడ్డున అతికించాలనీ, తుపాకుల్లేని కాపలా పనికి మనవాళ్ళనే తీసుకుని గుర్తింపు కాగితమివ్వాలనీ అడుగుతున్నాం. కానీ నకళ్ళు చాలవట. టైపు చేసిన మనిషి వచ్చి నిలబడాలట. ఆ పొడి అక్షరాలు ఎవరివని అందరూ అడిగారు. మా అక్కవన్నాను. ఒకడు నేల మీద ఉమ్మేశాడు.

ఇంజను సంగతి నన్ను బయటపెట్టొద్దంది లాయరమ్మ, చెబితే నాకూ శిక్ష పడుతుందట. కానీ ఆ ఇంజన్లు నా షెడ్డులో దింపింది ఇస్త్రీ చొక్కాలవాళ్ళే. సరంగు పోయాక వాళ్ళ ముఖాలు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు మూసుకుంటే వాళ్ళు ఇంకో ఒడ్డుకి వెళ్ళి ఇంకో సరంగుని వెతుక్కుంటారు.

సోమవారం వాయిదా. ఉద్యోగం పోతుందని తెలిసే నిన్ను రమ్మంటున్నాను. ముందు నువ్వు చెప్పు. నీ తర్వాత బోనెక్కేది నేనే.

నీ తమ్ముడు