అర్జీలో నాలుగో పేరు

జగదల్‌పూర్,
ఆగస్టు 4

ప్రియమైన చిన్నమ్మకు,

నేను బాగున్నాను. సిగ్నల్ కోసం నువ్వు కిష్టారం నీళ్ల ట్యాంకు ఎక్కే పని లేకుండా, ఈ ఉత్తరం బస్సు డ్రైవర్ లక్ష్మణ్ అన్నతో పంపుతున్నాను. నీ అంగన్‌వాడీ పిల్లలు గుడ్లు సరిగ్గా తింటున్నారా?

మా వ్యవసాయ కాలేజీ హాస్టల్‌కి కొత్తమ్మాయి వచ్చింది. పేరు చిసోమో. ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి స్కాలర్‌షిప్ మీద వచ్చింది. మంచి పొడగరి, నవ్విందంటే మెస్ అంతా వినబడుతుంది. హిందీ అంకెలు నేర్చుకుని కూరగాయలామెతో బేరమాడుతుంది కూడా! కానీ బజార్లో కొందరు వెనకనుంచి, నల్లదానా అని వెక్కిరించినట్టు ‘హబ్షీ’ అని అరుస్తారు. మెస్‌లో ఆమె కూర్చుంటే పక్కవాళ్లు పళ్లాలు తీసుకుని లేస్తారు. ఇంటినుంచి తెచ్చుకున్న ఎండుచేపలు వండితే కంపు కొడుతోందని, ఆమెను రెండో అంతస్తునుంచి పంపేయమని వార్డెన్ మేడమ్‌కు అర్జీ రాశారు. అందరూ సంతకం పెట్టారు. పాపమనిపించింది.

అన్నట్టు, ఈసారి నాకు ఎండుచేపలు పంపకు.

నీ స్రవంతి


కిష్టారం,
ఆగస్టు 11

నా బంగారు స్రవంతికి,

ఉత్తరం అందింది. పిల్లలు గుడ్లు బాగానే తింటున్నారు. చిన్నపిల్ల దేవే మాత్రం గుడ్డును గౌను జేబులో దాచుకుని దాని మీదే కూర్చుంది!

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఒక్క మాట దగ్గర ఆగిపోతున్నా. ‘అందరూ’ అన్నావే, ఆ అందరిలో నువ్వున్నావా పిల్లా? ఎండుచేపల పులుసు తిని పెరిగినదానివి, ఇప్పుడు వద్దంటున్నావేంది? తిట్టడానికి అడగడం లేదు. అబద్ధమాడితే మాత్రం తిడతా.

మీ చిన్నమ్మ
సారలమ్మ


జగదల్‌పూర్,
సెప్టెంబరు 3

ప్రియమైన చిన్నమ్మకు,

మూడు వారాలు జవాబు రాయలేకపోయాను. ఉన్నాను చిన్నమ్మా. అర్జీలో నాలుగో పేరు నాది.

మొదటి ఏడాది నా హిందీ విని ఎంత నవ్వారో నీకు చెప్పలేదు. నా పెట్టె తెరిస్తే అడవి వాసనంటూ ముక్కు మూసుకునేవాళ్లు. ఈ ఏడాదే మానేశారు. సంతకం పెట్టకపోతే మళ్లీ మొదలుపెడతారని భయపడ్డాను. వాళ్ల చూపు నా మీదనుంచి ఆమె మీదికి పోయింది కదా అని లోపల ఎక్కడో హాయిగా కూడా అనిపించింది. ఆ ఒక్క ముక్క రాయడానికే ఇన్నాళ్లు పట్టింది.

చిసోమోను కింద స్టోర్ పక్క గదిలోకి మార్చారు. చదువు మానేసి వెళ్లిపోతానంటోందని విని నిన్న ఆ గదికి వెళ్లాను. నేనూ సంతకం పెట్టానని, తప్పయిందని చెప్పాను.

“తెలుసు. మేడమ్ ఆ కాగితం నాకు చూపించింది,” అంది.

“నన్ను క్షమించు.”

“సంతకం అందరిముందూ పెట్టావు. క్షమాపణ ఒక్కదానివే వచ్చి చెబుతున్నావు,” అని వెళ్లమన్నట్టు తలుపు తెరిచి పట్టుకుంది.

వచ్చేశాను. ఇప్పుడేం చేయను?

నీ స్రవంతి


కిష్టారం,
సెప్టెంబరు 9

బంగారు తల్లికి,

ఏం చేయాలో ఆ పిల్లే చెప్పింది గదా! మళ్లీ నన్నడుగుతావేంది? కాళ్లు వణికితే వణకనీ, నోరు మాత్రం తెరువు.

డబ్బా నిండా ఎండుచేపలు పంపుతున్నా. “బస్సులో అందరూ ముక్కు మూసుకుంటరక్కా!” అన్నాడు లక్ష్మణ్. “కిటికీలు తియ్యి, గాలొస్తది,” అన్నాను. పులుసులో చింతపండు తగ్గించకు.

మీ చిన్నమ్మ
సారలమ్మ


జగదల్‌పూర్,
అక్టోబరు 1

ప్రియమైన చిన్నమ్మకు,

చెప్పేశాను! మొన్నామధ్య ఆదివారం అందరూ భోజనం చేస్తుండగా లేచి నిలబడి, వార్డెన్ మేడమ్‌ను అర్జీ అడిగి తీసుకుని నా పేరు కొట్టేశాను. “మా ఇంట్లో వారానికి మూడుసార్లు ఎండుచేపల కూరే. ఆమెది కంపయితే నాదీ కంపే. నన్నూ కిందికి పంపండి,” అన్నాను. కంగారులో నా హిందీ అంతా తారుమారైంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు మన పక్క జిల్లా బీజాపూర్ అమ్మాయి పూనం లేచి, “మాదీ అంతే,” అంటూ నా చేతిలో పెన్ను లాక్కుంది.

పంతొమ్మిది పేర్లలో ఎనిమిది పోయాయి. మిగతా పదకొండూ అలాగే ఉన్నాయి. అయినా మేడమ్ అర్జీ చించేసి, “నీ గదికి వచ్చేయమ్మా,” అంది చిసోమోతో.

చిసోమో ఏమందో తెలుసా? “నేను పైకి రాను. ఇష్టమైనవాళ్లు నా దగ్గరికే వస్తారు.”

ఆ సాయంత్రమే పరుపు చుట్టుకుని నేనే కిందికి మారిపోయాను. నేను పులుసు పెడితే, ఆమె మక్కపిండితో అచ్చం మన గట్క సంకటిలాంటిదే వండింది. పూనం రెండుసార్లు వడ్డించుకుంది. వెళ్లిపోతానన్న మాట చిసోమో మళ్లీ ఎత్తలేదు.

కానీ రెండు వారాలపాటు నాతో మరీ మర్యాదగా ఉంది. ప్రతిదానికీ ప్లీజ్, థాంక్యూ. ఆ మర్యాద చూస్తే నాకు దిగులేసేది. నిన్న మాత్రం ఫ్యాను కోసం పోట్లాడింది! నేను ఐదు మీద పెడితే ఆమె రెండుకి తిప్పింది. మళ్లీ నేను తిప్పబోతే చెయ్యి పట్టుకుని, నా దగ్గర విని నేర్చుకున్న తెలుగులో, “ఏందే మొండిదానా!” అని అరిచింది. నవ్వాపుకోలేక మంచం మీద పడిపోయాను. ఆమె నవ్వయితే రెండో అంతస్తుదాకా వినబడే ఉంటుంది.

ఫ్యాను రెండు మీదే తిరుగుతోంది. చెమటలు కక్కుతూ, ఎంతో సంతోషంగా రాస్తున్నాను.

నీ స్రవంతి