అద్దం చూసుకుని చదివిన అధ్యాయం

బావకు,

ప్రభువు కృప నీ ఓడకీ, అందులో నువ్వు వండే వంటగదికీ తోడుండాలని కోరుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమమని రాయబోయి ఆగాను. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా. నేను క్షేమం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. పన్ను పీకించుకున్నాను, ఇప్పుడు నొప్పి లేదు. వంటింటి కుళాయి కారడం ఆగింది. ఎవరు బాగుచేశారో కింద చెబుతాను. సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను, పొయ్యి దగ్గర నిలబడే. కంచం పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా నీ కుర్చీ కనబడుతుంది. ఆసుపత్రి లాండ్రీలో పని మామూలే. అక్కడ దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరం చెరో అంచు పట్టుకుని ఎదురెదురుగా నడుస్తాం. ఇంట్లో మాత్రం ఒక అంచు గడ్డం కింద అదిమిపెట్టి నేనే తంటాలు పడుతున్నాను.

నువ్వు ఓడెక్కే ముందు ఇద్దరం చదవాలనుకున్నట్టే రోజుకో బైబిలు అధ్యాయం చదువుతున్నాను. పైకి చదవమన్నావు కదా, ఇంట్లో ఓ గొంతు వినబడుతుంటుందని. మొదట్లో నా గొంతు నాకే వెర్రిగా తోచేది. పక్కింటావిడ ఒకరోజు, "చుట్టాలొచ్చారా?" అని అడిగింది కూడా.

ఒక సాయంత్రం మా లాండ్రీ వ్యాను డ్రైవరు వచ్చాడు. నేను బండిలో మరిచిపోయిన గొడుగు ఇచ్చి వెళ్లబోతూ, కుళాయి చప్పుడు విని లోపలికొచ్చి బాగుచేశాడు. భార్య పోయిన మనిషి, నెమ్మదస్తుడు. మన విశ్వాసం కాదు. బల్ల మీద తెరిచి ఉన్న బైబిలు చూసి, "మెట్ల మీదికి వినబడింది. ఆపేశారేం? చదవండి, నాకూ ఇంటికెళ్తే తోచదు," అన్నాడు.

చదివాను. ఆ రోజు బంగారు దూడ అధ్యాయం. జనం మొక్కడానికి దూడ బొమ్మను చేసిన అన్న అహరోనును మోషే నిలదీస్తే, బంగారం మంటలో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అంటాడు చూడు, అక్కడ డ్రైవరు పడీ పడీ నవ్వాడు. "మా డ్రైవర్లు బండికి సొట్ట పెట్టి ఇలాగే చెబుతారండి," అన్నాడు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్లయిందో.

మర్నాడూ, ఆ పై రోజూ కూడా వచ్చాడు. నీ కుర్చీలో కూర్చుని విన్నాడు. బావా, అంతకు మించి ఏమీ జరగలేదు. దేవుని ఎదుట చెబుతున్నాను. కానీ ఇక్కడితో ఆపేస్తే నేను చెప్పింది సగం నిజమే.

దేవుడు తన పేరే రోషమని చెప్పుకునే అధ్యాయం వచ్చినరోజు అతను అడిగాడు. "దేవుడికి కూడా రోషమేంటండీ? అంత పెద్దాయన ఓ బొమ్మని చూసి ఉడుక్కోవడమేంటి?"

"రేపు చెబుతాను," అన్నాను.

మర్నాడు అతను వచ్చే వేళకి అద్దం ముందున్నాను. పౌడరు రాసుకుని, జడ విప్పి మళ్లీ అల్లుకున్నాను. బైబిలు చదవడానికి. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగితే అతను తలెత్తి చూస్తాడో ముందే చదివి చూసుకున్నాను. అద్దంలో నా మొహం చూసుకుంటే తెలిసింది. అతను వచ్చిన దగ్గర్నుంచీ నేను చదువుతున్నది దేవుడి కోసం కాదు, నీకిచ్చిన మాట కోసమూ కాదు. నన్ను వినే ఒక మనిషి కోసం. విగ్రహమంటే చేత్తో చేసేదేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. నేను గొంతుతో చేసుకున్నాను. ఎలా జరిగిందని ఎవరైనా నిలదీస్తే నేనూ అహరోనులాగే చెప్పేదాన్నేమో, గొడుగు మరిచిపోయాను, ఇది బయటికొచ్చింది అని.

అతన్ని గుమ్మం దగ్గరే ఆపాను. "ఇక రావద్దండి," అన్నాను.

"నేనేమన్నా తప్పుగా అన్నానా?"

"లేదు. మీ కోసం ఎదురుచూస్తున్నాను. అందుకే."

అతను తల దించుకున్నాడు. "నేనూ అంతేనండి," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఇప్పుడు లాండ్రీ దగ్గర మూటలు దించి, నా వైపు చూడకుండా బండెక్కుతాడు.

అతని ప్రశ్నకు జవాబు ఆ తర్వాతే దొరికింది. నీకు చెబుతున్నాను. మనం ఎటుపోయినా ఫర్వాలేదనుకునేవాడికి రోషం రాదు. మనం కావాలనుకునేవాడికే వస్తుంది.

మళ్లీ ఒక్కదాన్నే చదువుతున్నాను. బాగుందని అబద్ధం చెప్పను. మాటలు గోడకి తగిలి వెనక్కొస్తున్నట్టుంటుంది. ఇప్పుడు వస్తున్నవన్నీ దేవుడి కోసం వేసే గుడారం తెరల కొలతలు, కొక్కేలు, గుంజలు. వాటిని అందంగా చదవడం ఎవరి తరమూ కాదు. అదే మంచిదయింది.

కొంతకాలంగా నీ ఉత్తరాల్లో అధ్యాయం ఊసే లేదు. మానేశావా? మానేస్తే మానేశాననే రాయి. ఇది చదివి కోపం వస్తే ఆ కోపంతోనే రాయి, జాలిపడి దాచుకోకు. ఏమీ అనిపించలేదని మాత్రం రాయకు బావా. అది నేను తట్టుకోలేను.

ఇట్లు,
నీ ఇల్లాలు