నల్ల పియానో ముందు ఒంటి తుమ్ము

ఆదివారం రాత్రి

ఈవేళ కూడా కోడలు టీలో అల్లం మరిచిపోయింది. అది టీ కాదు, వేడినీళ్ళకి వేసిన రంగు.

మనవరాలికి పియానో కొనడానికి విజయనగరం వెళ్ళాం. మా అబ్బాయి సూరిగాడికి తళతళలాడే నల్లది నచ్చింది. బుజ్జి దాని మీటలు నాలుగు నొక్కి, నా చెవిలో చెప్పింది.

"తాతా, ఇది మరీ గట్టిగున్నాది. ఏళ్ళు నొప్పెడతన్నాయి. ఇదే కొంటే నేను మానేస్తాను. నాన్నకి సెప్పకు, తిడతాడు."

పక్కనున్న గోధుమరంగు పియానో మీద మాత్రం తన వేళ్ళు పరిగెత్తాయి.

"ఒరే సూరీ, మెరుపు సూసి కొనడానికి ఇదేమన్నా బీరువా ఏటిరా?" అన్నాను.

"నీకేటి తెలుసు నాన్నా, ఊరుకో" అని వాడు షాపాయన వైపు తిరిగాడు. బుజ్జి కళ్ళలో నీళ్ళు.

సరిగ్గా అప్పుడే తుమ్మాను. ఒక్కసారే. ఎవరైనా తుమ్మితే గుమ్మం దిగని మనిషి సూరి. బేరం ఆపి పక్కకి జరిగాడు. గోధుమరంగు దాని దగ్గరికి వెళ్ళాక జంట తుమ్ములు తుమ్మాను. జంట తుమ్ము శుభం కదా, అదే కొన్నాడు.

"దేవుడే ఆపాడు నాన్నా" అని దారంతా ఒకటే పాట.

ఆపింది నా పంచె మడతలోని ముక్కుపొడుం డబ్బీ. నల్లదాని దగ్గర రెండో తుమ్ము రాకుండా నలిపిన ముక్కు ఇంకా మండుతోంది.