డ్వేన్ ఒప్పుకున్న వైల్డ్ పిచ్

నెబ్రాస్కా, జూన్ 16, 1958

అక్కయ్యా,

వేళకు తింటున్నాను, దిగులు పడకు. నిన్న మన ఊరి బేస్‌బాల్ ఆటకు, ఎప్పుడూ రాసే నా కొరిన్ బదులు, నేను స్కోరు రాశాను. డ్వేన్ విసిరిన బంతి క్యాచర్ ఎల్విన్‌ను దాటిపోయింది. ఆ సందులో అవతలివాళ్లు తీసిన పరుగుతోనే ఓడాం. క్యాచర్ ఆపలేనంత అడ్డదిడ్డంగా వస్తే అది వైల్డ్ పిచ్, తప్పు విసిరినవాడిది. ఆపగలిగిన బంతి అయితే తప్పు క్యాచర్‌ది. నేను సరిగా చూడక ఎల్విన్ పేరున రాశాను.

ఆట కాగానే డ్వేన్ నేను కూర్చున్న చోటికి మెట్లెక్కి వచ్చాడు. “మాస్టారూ, ఆ పాపం నాది. నేనలా నేలకేసి కొడితే వాడెలా ఆపుతాడు? వాడేమన్నా గోడా? కొరిన్ గారైతే నన్ను వదిలేవారా?”

“చచ్చినా వదిలేది కాదు,” అన్నాను. ఇద్దరం నవ్వాం. చెరిపి, అతని పేరున రాశాను.

ఆమె పోయిన ఈ మూడు నెలల్లో నా ఎదుట ఆమె పేరెత్తినవాడు అతనొక్కడే. ఆ మేలు మరచిపోలేను.

బీట్‌రూట్ ఊరగాయకు వెనిగర్ ఎంత పోయాలో రాయి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చే ఆదివారం కూడా నేనే స్కోరు రాస్తున్నాను. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
హెర్షెల్