కెమీలియా కుండీకి సున్నం పెట్టొద్దు

వీలునామా

జోగుళాంబ గద్వాల జిల్లా, గద్వాల పట్టణంలో కాపురముంటున్న, కీర్తిశేషులు లారీ డ్రైవర్ కురుమూర్తి గారి భార్య నాగేంద్రమ్మ అను నేను, వయసు అరవై నాలుగు, గుండెల వాల్వు ఒక్కటి తప్ప మిగతాయన్నీ సక్కగ పనిచేస్తుండగ, తెలివిలో ఉండి, ఎవరూ బెదిరించకుండ, ఎవరూ బుజ్జగించకుండ, నా ఇష్టంతో రాస్తున్న మరణశాసనం ఇది. ఇంతకు ముందు నేను ఏ కాగితం రాయలేదు. ఎవరన్న ఇంకోటి తెచ్చి సూపిస్తే అది చెల్లదు.

రేపు పొద్దుగాల హైదరాబాద్ దవాఖానకు పోతున్న. ఎల్లుండి ఆపరేషన్. డాక్టరు భయం లేదన్నడు, అనుకుంటనే సంతకాలు మస్తు పెట్టించుకున్నడు. అందుకే నేను గూడ ఒకటి పెట్టి పోతున్న. దస్తావేజులు రాసేటాయన నా మాటలు సాపు జేసి రాస్తనన్నడు. వద్దన్న. నా పిల్లలకు నా గొంతు తెలుసు, గట్లనే వినపడాలె.

కుండీల ఉన్న కెమీలియా పూలచెట్టు ఎవరికి రాస్తనో అని మీరందరు నా మొఖం సూస్తున్నరు. ఆ చెట్టుకు ఇప్పుడు ఒక్కటే మొగ్గ మిగిలింది. అది విప్పుతదో రాలుతదో తెల్వదు. నేను తిరిగొస్తనో లేదో అది గూడ తెల్వదు. అందుకని ఆ సంగతి చివరికి పెట్టిన. ముందు మిగతాయి వినుండ్రి.

1. నేనుంటున్న ఇల్లు, దాని ఖాళీ జాగ, బోరు, సర్వహక్కులతో నా కొడుకు శ్రీనాథ్‌కు చెందవలెను. కాని ఒక షరతు. పడమటి దిక్కు వేపచెట్టును, కెమీలియా బతికున్నన్ని రోజులు కొట్టొద్దు, కొమ్మలు గూడ తియ్యొద్దు. కారు షెడ్డు కోసం మీ పెద్దనాయన, నువ్వు కలిసి రంపపోనితోని మాట్లాడుకున్నది నాకు తెలుసు బిడ్డా. నేను దవాఖానల పండుకున్నంక కొడదామనుకున్నరు. మాపటి ఎండ నేరుగ తాకితే ఆ చెట్టు ఆకులు మాడి రాలిపోతయి, ఆ వేప నీడనే దానికి పాణం. వేప మీద రంపం పడ్డ రోజే ఈ ఇంట్ల సగభాగం గీతకు పోవలెను. ఇది బెదిరింపేనా అంటే బెదిరింపే.

2. గట్టు కాడి చెలక నా బిడ్డ గీతకు. నువ్వు వనపర్తి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా కెమీలియా నాకియ్యి అమ్మా అంటవు. నీ బాల్కనీల పొద్దంత ఎండ. పూసినప్పుడు ఫోటోలు దిగనీకె బాగనే ఉంటది, ఎండాకాలం దాని చుట్టు గోనెసంచి కట్టి పూటపూటకు తడిపేదెవరు? నీకు ఇయ్యను. అలిగితే అలుగు. నా ఆకుపచ్చ గద్వాల చీర నీకిస్తున్న, దానికి నీళ్లు పోసే పని లేదు.

3. నా మొగని అన్న, మా బావగారు ఎల్లన్నకు ఇయ్యనీకె నా దగ్గర ఏం లేదు. ఆయన మాట ఒకటి నా కాడ ఉండిపోయింది, అది ఆయనకే వాపసు ఇస్తున్న.

మా ఇంటాయన ఉల్లిగడ్డ లోడు దించనీకె ఊటీ కాడి కూనూరు దిక్కు పోయి, వచ్చేటప్పుడు ఈ మొక్కను క్యాబిన్ల తన కాళ్లకాడ పెట్టుకొని తెచ్చిండు. చాయపత్తి చెట్టుకు ఇది చెల్లెలంట, మోకాలెత్తు దాటదంట, చలికాలంల పూస్తదంట అని ఇల్లంత తిరుక్కుంట చెప్పిండు. బీచుపల్లి కాడ లారీ ఆపి ఆంజనేయస్వామి తీర్థం దీని మీద గూడ చల్లిచ్చిండంట. పిచ్చి మనిషి. ఆ ఎండాకాలమే పోయిండు. దినాల రోజు నా తలల పూలు తీసేసినంక బావగారు కుండీ దిక్కు చెయ్యి సూపి, సుట్టాలందరి ముందల అన్నడు:

"మొగుడు పోయినదానికి పూలచెట్టెందుకు? గుళ్లె ఇచ్చెయ్యి."

నేను ఇయ్యలేదు. ఆ చలికాలం అది పూసింది, తెల్లటి రేకులకు అంచుల జర గులాబి రంగు. అప్పటి నుంచి ఏటేటా పూస్తుంది. ఒక్క పువ్వు గూడ నేను తెంపలేదు. అన్నీ చెట్టు మీదనే విప్పి, రేకు రేకు ఊడి కుండీల మట్టి మీద పడ్డయి. బావగారి మాటకు నేను ఇన్నేండ్లు జవాబు చెప్పలేదు. జవాబు చివరి ఏడో నంబరు కలంల ఉన్నది, చదువుకోమనుండ్రి.

4. నల్లమల ఈరమ్మకు మా ఇంటాయన గొంగడి. తేనె అమ్మనీకె వచ్చి మా అరుగు మీద కూసున్ననాటి నుంచి ఆమె నాకు తోడు. అడివిల చెట్ల కింద కుళ్లిన ఆకు మట్టి సంచిల కట్టుకొని బస్సుల తెస్తది, కండక్టరు కసిరినా ఇనదు. ఈ వీలునామాకు ఆమెతోనే సాక్షి సంతకం పెట్టియ్యాలనుకున్న. ఆస్తి ముట్టేటోళ్లు సాక్షి ఉండొద్దంట. సంతకం కన్న గొంగడే ఎక్కువనుకొని ఆమె పేరు ఇటు రాసిన. చలికి కప్పుకోవే, పెట్టెల పెట్టకు.

5. ఇగ నా కోడలు సింధూజ.

దసరాకు మనమందరం తులసిగద్దెకు సున్నమేసి ఎర్రమట్టి జాజుతోని పట్టెలు పెడతం. ఈసారి సింధూజ అదే చేత్తోని కెమీలియా కుండీకి గూడ సున్నమేసింది, జాజు పట్టెలు పెట్టింది, చీమలు ఎక్కొద్దని మిగిలిన సున్నపునీళ్లు మొదట్ల పోసింది. నేను గీత ఇంటికి పోయొచ్చి సూస్తే కుండీ పెండ్లిపిల్ల లెక్క నిలబడి ఉన్నది. ఆ చెట్టుకు సున్నం పడదు. మన బోరు నీళ్లు గిన్నెలకు తెల్లగ పట్టుకుంటయి కద, ఆ నీళ్లే నేను ఎన్నడూ పొయ్యలేదు, అసొంటిది ఉత్త సున్నమే పడ్డది. దీపావళికి ఆకులు పసుపు పడ్డయి, ఈనెలొక్కటే పచ్చగ మిగిలినయి. మొగ్గలు ముట్టకముందే రాలినయి. ఈరమ్మ, నేను పై మట్టి తీసి కొత్త మట్టి పోసి, వాన నీళ్లతోని ఎన్నిసార్లు కడిగినమో.

నేను నలుగురి ముందల సింధూజను తిట్టిన. చెట్టును చంపినవు, ఇగ నన్ను గూడ చంపు అన్న. ఆమె ఒక్కటే మాట అన్నది.

"తులసమ్మ లెక్క సూసుకున్న అత్తమ్మా."

అప్పటి నుంచి అన్నానికి రా, గోలీ ఏసుకో, గింతే మా ఇద్దరి మాట. దవాఖానకు పొయ్యే ఈ బట్టల సంచి గూడ ఆమెనే సదిరింది.

ఇన్ని రోజులు ఆ మాట నా లోపల తిరుగుతున్నది. ఈ కుండీని ఒకాయన గుళ్లె ఇచ్చెయ్యమన్నడు. నా కొడుక్కు అది షెడ్డుకు అడ్డం. నా బిడ్డకు ఫోటో. దానికి పండుగ జేసినామె ఈ ఇంట్ల సింధూజ ఒక్కతే.

కాబట్టి కెమీలియా చెట్టును, కుండీతో సహా, వాన నీళ్ల నీలం డ్రమ్ముతో సహా, నా కోడలు సింధూజకు రాసిస్తున్న. ఇంకెవరికీ అందులో హక్కు లేదు. సున్నం సంగతి నీకు ఇగ చెప్పే పని లేదు, ఈ లోకంల అందరు మర్చిపోయినా నువ్వు మర్చిపోవు. డ్రమ్ముల నీళ్లు అయిపోతే పక్కింటి యేసుబాబు స్టూడియో ఏసీ పైపుల కారే నీళ్లు పట్టి పొయ్యి, ఆయన ఏమనడు. వేరు కింద నీళ్లు నిలవనియ్యకు. మొగ్గ ఉన్నప్పుడు కుండీని జరపకు, తిప్పకు, దానికి కోపమొస్తే రాలుస్తది, నా లెక్కనే. నిన్ను తిట్టినందుకు బాధ ఉన్నది బిడ్డా. ఎదురుంగ చెప్పబోతే నోరు రాలేదు, ఇట్ల రాస్తున్న.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత వనపర్తి అల్లుడు శ్రవణ్ కుమార్‌ది. వేపచెట్టును అప్పుడప్పుడు వచ్చి సూసిపోవాలె.

7. మిగిలిన ఆ ఒక్క మొగ్గ గురించి. నేను పోయి, అది విప్పితే, నా పీనుగ మీద పెట్టొద్దు, గుడికి పంపొద్దు. సావు ఇంట్ల పూలు పెట్టుకోవద్దని బావగారు అడ్డమొస్తడు. ఇంటామెను నేను, నేనే చెప్తున్న: ఆ పువ్వు సింధూజ తెంపి తలల పెట్టుకోవాలె, ఆ దినాలల్లనే, అందరి ముందల.

నేను బతికొస్తే పైన రాసినయి ఏవీ ఇప్పుడే అమలు కావు, కాగితం పెట్టెల ఉంటది. ఒక్కటి మాత్రం వచ్చిన రోజే అమలైతది. ఆ పువ్వు నేను పెట్టుకుంట. సింధూజనే నా కొప్పుల పెట్టాలె. పెట్టుకొని మా వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసుంట. సూడలేనోళ్లు ఆ పొద్దు మా గల్లీల నుంచి పోవద్దు.

గద్వాల, 11 డిసెంబర్ 2024

నాగేంద్రమ్మ (నా చేతి సంతకం)

సాక్షులు:
యేసుబాబు, ఫోటో స్టూడియో, పక్కిల్లు
పావని, అంగన్‌వాడీ టీచర్, ఎదురిల్లు