పుట్టింటి పురుగులు

కోడూరు

చిరంజీవి సౌభాగ్యవతి సుష్మితను నాన్న శోభనాద్రి దీవించి రాసేది.

గుడివాడ ల్యాబులో పత్తి పురుగుల మీద నీకు ఉద్యోగమని, పరీక్షకి మన మెరక చేలో పత్తికాయలు పంపమని చదివి నా గుండె పూరీలా పొంగిందమ్మా. బుట్ట నిండా బస్సు పార్సిల్లో వేశాను. పుట్టింటి నుంచి పుచ్చువి వెళ్ళకూడదని మీ అమ్మ ఒక్కొక్క కాయా తిప్పి చూసి, చిల్లున్నవన్నీ తీసేసింది.

ఇట్లు,
పొంగిపోతున్న నీ నాన్న

తా.క. తీసేసినవి కోళ్ళకి వేశాం. పురుగులంటే నీ తర్వాత వాటికే ఇష్టం.

గుడివాడ

నాన్నకు సుష్మిత నమస్కారాలు.

బుట్ట విప్పి నేనూ మా మేడమ్ ప్రతి కాయా కోసి చూశాం, ఒక్క పురుగూ లేదు. నాన్నా, నాకు కావలసింది ఆ చిల్లుల్లో ఉన్న పురుగులే. ఈ బీటీ విత్తనంలోనే పురుగుని చంపే గుణం పెట్టారు. కాయ తింటే చావాలి. కానీ ఎక్కడో ఒకటీ అరా చావవు. మిగతావన్నీ పోయాక అవి వాటిలో అవే జతకడతాయి, వాటి పిల్లలూ చావవు. కొన్నేళ్ళకి చేనంతా అవే. మన ఊళ్ళో అంతదాకా వచ్చిందేమో చూడాలి. వచ్చి ఉంటే తొలకరికి ఆ విత్తనం వద్దని ముందే చెప్పాలి. లేకపోతే వెంకటాద్రి మావయ్యలాంటి వాళ్ళు నిండా మునుగుతారు. బతికున్న పురుగులు పంపు.

నీ కూతురు,
సుష్మిత

తా.క. కడగొద్దు.

కోడూరు

అమ్మా సుష్మితా, దీర్ఘసుమంగళీభవ.

పాలకేంద్రం దగ్గర అందరికీ చెప్పాను, మా అమ్మాయి పుట్టింటి నుంచి పురుగులు అడిగిందని. "కాపురం బాగానే ఉందా బావా?" అన్నాడు వెంకటాద్రి. ఓర్వలేనితనం. డబ్బా నిండా పంపుతున్నాను. గులాబీరంగులో పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. ఏరి ఏరి వేశాను, ఒక్కటీ బక్కది లేదు. దారిలో ఆకలికి నాలుగు కాయలూ పెట్టాను.

నిన్ను కన్న అదృష్టవంతుడు,
నాన్న

తా.క. అల్లుడుగారికి మీ అమ్మ సున్నుండలు పంపింది. డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి, చూసి తెరవమను.

గుడివాడ

నాన్నకు నమస్కారాలు.

ఆయన చూడకుండానే తెరిచారు. ఇప్పుడు కొంచెం తేరుకున్నారు.

బీటీ విషం కలిపిన మేత పెడితే నీ పురుగుల్లో ఒక్కటీ మిగల్లేదు. చుట్టుపక్కల ఊళ్ళ పురుగులు ఆ మేత తిని హాయిగా పాకుతుంటే మనవే చచ్చాయి. కోడూరుకి ఆ విత్తనం ఇంకా పనికొస్తుందని మేడమ్ సంతకం పెట్టబోతున్నారు. నాకెందుకో నమ్మకం కుదరడం లేదు. అవి ఏ చేలోవి నాన్నా?

సుష్మిత

తా.క. నేను మళ్ళీ రాసేదాకా ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు.

కోడూరు

బంగారు తల్లి సుష్మితకు నాన్న ఆశీస్సులు.

మనవి ఒక్కటీ మిగల్లేదంటే నిర్ఘాంతపోయాను. పుట్టింటి పరువు పోయిందని మీ అమ్మ అన్నం మానేసింది. తీరా చూస్తే అది శుభవార్తేనట కదా.

అవి చేలోవి కావమ్మా. విత్తనం సంచిలో ఆ విషగుణం లేని మామూలు పత్తి గింజల చిన్న పొట్లం వస్తుందే, చేను చుట్టూ వేయమని. ఆ గింజల్ని మీ అమ్మ ఏటా దీపం ఒత్తులకని బావి గట్టున వేస్తుంది. అక్కడి పురుగులు కమ్మని కాయలు తిని నిగనిగలాడతాయి. చేలో ఉన్నవీ ఉన్నాయి, ఎందుకూ? ఎండిపోయిన మొహాలు. ఆ విషపు కాయలే మేస్తూ ఏళ్ళ తరబడి చావని మొండిఘటాలు. అలాంటి వాటిని ఆడపిల్ల ఇంటికి ఎలా పంపుతాం?

ఆనందం పట్టలేని
నాన్న

తా.క. ఎవరికీ చెప్పొద్దని నువ్వు అట్టడుగున రాశావు. నేను అక్కడికి వచ్చేసరికి పైదంతా పంచాయతీ మైకులో చదివేశాను. నీ మాట మీద వెంకటాద్రి మినుము మానేసి, వచ్చే ఏడాది ఉన్న పొలమంతా ఆ పత్తే వేస్తానని విత్తనాలకి పేరు రాయించాడు. అతన్ని చూసి ఊరూ రాయించింది. ఆదివారం నీకు సన్మానం. శాలువా కూడా కొన్నారు, తప్పకుండా రా.